ఒళ్లు పట్టే చేతికి ఓ సర్టిఫికెట్

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. మనవాళ్లు ఆ సామెతను చెట్లతో ఆపలేదు, మనుషులకూ అంటగట్టారు. ఊళ్లో ఉన్న మనిషి చేసే పని పని కాదు, ఆమెకు వచ్చిన విద్య విద్య కాదు. అదే విద్య విమానమెక్కి వెళ్లి, ఓ ఇంగ్లీషు పేరు పెట్టుకుని, గాజు తలుపుల వెనక ఏసీ గదిలోకి తిరిగొస్తే మాత్రం గంట లెక్కన వేలు పోసి, పైగా టిప్పు కూడా ఇచ్చి వస్తాం. నేను చెప్పబోయేది ఒళ్లు పట్టే విద్య గురించి.

నవ్వకండి. "ఒళ్లు రుద్దడం కూడా ఓ విద్యేనా? దానికో ట్రైనింగా?" అని మీలో సగం మంది అడుగుతారని నాకు తెలుసు. ఆ ప్రశ్నతోనే నా పేచీ.

కర్నూలు జిల్లా పడమటి అంచున, కన్నడ దేశాన్ని ఆనుకుని హొళగుంద అని ఓ మండల కేంద్రం ఉంది. తెలుగూ కన్నడమూ ఒకే వాకిట్లో మాట్లాడుకునే ఊరు. ఆ పేరు మీ కంటబడి ఉంటే దసరా మర్నాడు పేపర్లో పడి ఉంటుంది. ఆ మండలంలోని దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవానికి కర్రల సమరం జరుగుతుంది. తలలు పగులుతాయి. పోలీసులు వస్తారు, డాక్టర్లు వస్తారు, కెమెరాలు వస్తాయి. మగవాళ్లు ఒకరి ఒళ్లు ఒకరు విరగ్గొట్టుకుంటే అంత ప్రచారం! అవే ఊళ్లలో ఏడాది పొడుగునా ఆడవాళ్లు పసికందుల ఒళ్లు నిలబెడుతుంటే ఒక్క కెమెరా ఆ దిక్కు చూడదు.

పురుడొచ్చిన ఇంటికి నీళ్లు పోసే అవ్వ వస్తుంది. ఆమెకు వేరే పేరు ఉండదు, ఊరందరికీ అవ్వే. పీట మీద కూర్చుని కాళ్లు బార చాపుతుంది. మోకాళ్ల దిగువన ఆ రెండు కాళ్ల మధ్యా బిడ్డను పడుకోబెట్టుకుంటుంది. గోరువెచ్చని నూనె అరచేతుల్లో రాసుకుని, ముందు తన చేతికే వేడి చూసుకుని, అప్పుడు పాదాల దగ్గర మొదలుపెడుతుంది. ఎక్కడ వేళ్లతో పట్టాలో, ఎక్కడ అరచెయ్యి ఆనిస్తే చాలో, బిడ్డ ఏడుపులో ఏది ఆకలి ఏడుపో ఏది నొప్పి ఏడుపో ఆ చేతికి తెలుసు. తర్వాత పిండితో నలుగు, నీళ్లు. ఆపైన బాలింత వంతు. నడుము, కాళ్లు, భుజాలు. నెల తిరిగేసరికి తల్లి లేచి తిరుగుతుంది, బిడ్డ ఒళ్లు చేస్తుంది.

ఇంత చేసినందుకు ఆమెకు ముట్టేది? కొన్ని జొన్నలు, ఇంత బెల్లం, ఓ రవికె గుడ్డ, పురుడు వెళ్లిన రోజున మనసు మంచిదైతే ఓ చీర. ఇంకా కొన్ని ఇళ్లలో ఆమె చెయ్యి బిడ్డ ఒళ్లంతా తాకొచ్చు గానీ, కాఫీ తాగే గ్లాసు మాత్రం విడిగానే ఉంటుంది. ఆ గ్లాసు ఎవరు విడిగా పెట్టారు? మగవాళ్లా? వంటింటి గూట్లో దాని చోటు మనకే తెలుసు కదమ్మా!

సరే, ఈ విద్యకు ప్రపంచంలో విలువ లేదా? ఉందండీ. ఇక్కడే లేదు. ఫ్రెడరిక్ లెబాయె అనే ఫ్రెంచి డాక్టరు కలకత్తా ప్రాంతంలో శాంతల అనే పేద తల్లి కాళ్లు చాపుకుని బిడ్డకు నూనె రాస్తుంటే చూసి ముగ్ధుడైపోయాడు. ఫోటోలు తీసి 1976లో పుస్తకమే వేశాడు. ఇవాళ బ్రెజిల్‌లో పసిపిల్లల మర్దనాకు శాంతల అనే పేరు. ఆయనకంటే ముందే, 1973లో, విమలా మెక్లూర్ అనే అమెరికా ఆవిడ మన దేశంలోని ఓ అనాథాశ్రమంలో పనిచేస్తూ ఇక్కడివాళ్లు పిల్లలకు ఒళ్లు పట్టడం చూసి నేర్చుకుంది. వెనక్కి వెళ్లి పుస్తకం రాసింది. ఆమె మొదలుపెట్టిన పని నుంచే అంతర్జాతీయ శిశు మర్దన సంఘం పుట్టింది. ఆ సంఘం దేశదేశాల్లో శిక్షకుల్ని తయారుచేసి సర్టిఫికెట్లు ఇస్తోంది. మయామీలో టిఫనీ ఫీల్డ్ బృందం నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు పది రోజుల పాటు రోజుకు మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు ఒళ్లు నిమిరి, కాళ్లూ చేతులూ ఆడించి చూసింది. మిగతా బిడ్డలు తాగినన్ని పాలే తాగినా, వీళ్లు రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారని 1986లో ప్రకటించింది. మన అవ్వ ఈ మాట చెబితే "చాదస్తం" అన్నాం. అమెరికా చెబితే "సైన్సు" అంటున్నాం!

అంత దూరం ఎందుకు, మన రాయలసీమలోనే చూడండి. పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టడం పేరు మోసిన వైద్యం. పుత్తూరు కట్టు అనే బోర్డు రాష్ట్రాలు దాటి వీధివీధినా కనిపిస్తుంది. అదీ చేతి విద్యే, ఇదీ చేతి విద్యే. అది వీధిలో పెట్టిన మగవాడి విద్య కనక దానికి బోర్డు. ఇది స్నానాల గదిలో జరిగే ఆడదాని విద్య కనక దీనికి రవికె గుడ్డ.

"బాగానే ఉంది గానీ, మసాజ్ అంటే అదో రకం పని కదా, పరువుగల ఆడపిల్లలు నేర్చుకుంటారా?" అని ఇంకో గొంతు. ఈ గొంతు కూడా కొత్తది కాదు. 1894లో లండన్‌లో మసాజ్ ఇళ్ల చాటున మరో వ్యాపారం నడుస్తోందని వైద్య పత్రిక గగ్గోలు పెట్టింది. అప్పుడు నలుగురు నర్సులు ఏం చేశారు? పరువు పోతుందని పని మానేశారా? లేదు. శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం అని ఒకటి పెట్టారు. పరీక్ష పెట్టారు. డాక్టరు చెప్పనిదే వైద్యం చెయ్యకూడదని, ఎక్కడపడితే అక్కడ ప్రకటనలు ఇవ్వకూడదని నియమాలు రాసుకున్నారు. 1920లో ఆ సంఘానికి రాజముద్ర పడింది. 1944 నుంచి దాని పేరు ఫిజియోథెరపీ సంఘం. ఇవాళ మెడ పట్టేస్తే మనం టోకెను తీసుకుని కూర్చునే ఫిజియోథెరపీ గదికి పునాది వేసింది ఆ ఒళ్లు పట్టే ఆడవాళ్లే! పనికి చెడ్డపేరు వస్తే దానికి మందు శిక్షణ, మూతి విరుపు కాదు.

ఇక్కడ ఓ మాట నిక్కచ్చిగా చెప్పాలి. అవ్వ చేతికి గౌరవం ఇవ్వమంటే అవ్వ చేసే ప్రతి పనికీ దండం పెట్టమని కాదు. ముక్కులో చెవిలో నూనె చుక్కలు వేస్తారు, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. పసిబిడ్డ చన్నులు పిండుతారు, అవి చీము పడతాయి. మాడు నొక్కుతారు. పుట్టిన వెంటనే నీళ్లు పోస్తారు, ఒక రోజన్నా ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆపరేషన్ అయిన తల్లికి పొట్ట నొక్కకూడదు. బాలింతకు ఒక పిక్క మాత్రమే వాచి, ఎర్రబడి నొప్పిపెడుతుంటే రుద్దకూడదు, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే ఆస్పత్రికి పంపాలి. బిడ్డ కళ్లు పచ్చబడితే నూనె గిన్నె పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి నడవాలి. ఇవన్నీ అవ్వకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా వదిలేసి, ఏదైనా జరిగితే మాత్రం "మొరటు మనిషి" అంటాం. అందుకే శిక్షణ అంటున్నాను. అది ఆమె గౌరవానికే కాదు, మన బిడ్డల ప్రాణానికీ కావాలి.

"చదువురాని వాళ్లకు ట్రైనింగేమిటి?" అని మూడో సన్నాయి నొక్కు. హొళగుంద, కౌతాళం, కోసిగి దిక్కున ఆడవాళ్ల చదువు చాలా వెనకబడిన మాట నిజం. కానీ చదువురాని చేతికి నేర్పడం మన ప్రభుత్వానికి తెలియని పనా? 1970ల చివర్లో ఊరూరా మంత్రసానులకు శిక్షణ ఇచ్చారు. ముప్పై పనిదినాలు, మూడు వందల రూపాయల భత్యం, చివర్లో ఓ కిట్టు, ఓ సర్టిఫికెట్. పుస్తకంతో కాదు, చేతితో నేర్పారు. తర్వాత కాన్పులు ఆస్పత్రులకు మారాయి. మంచిదే, తల్లుల ప్రాణాలు నిలిచాయి. కానీ కాన్పు ఆస్పత్రికి వెళ్లింది గానీ నూనె గిన్నె వెళ్లలేదు. మూడో రోజో ఐదో రోజో తల్లీబిడ్డా ఇంటికి రాగానే మళ్లీ అవ్వకే కబురు. కాన్పుతో పాటు ఆమె శిక్షణ కూడా అటకెక్కింది.

ఇంకో విడ్డూరం చూడండి. 2023 సెప్టెంబరులో కేంద్రం చేతివృత్తులవాళ్లకు విశ్వకర్మ పథకం పెట్టింది. శిక్షణ రోజుకు అయిదు వందల భత్యం, పనిముట్లకు పదిహేను వేలు, గుర్తింపు కార్డు. మొత్తం పద్దెనిమిది వృత్తులు. వడ్రంగి ఉన్నాడు, కుమ్మరి ఉన్నాడు, చాకలి, దర్జీ, పూలదండలు కట్టేవాళ్లు, చేపల వలలు అల్లేవాళ్లు, అందరూ ఉన్నారు. మంగలీ ఉన్నాడు, సంతోషం. ఎన్నో ఊళ్లలో ఆ ఇంటి ఆడమనిషే తరతరాలుగా బాలింతకూ బిడ్డకూ నీళ్లు పోసింది. కత్తెర పట్టిన చెయ్యి వృత్తిదారు, నూనె గిన్నె పట్టిన చెయ్యి ఏమీ కాదు! పని చేసేది ఇంటి లోపల గనక లెక్క రాసేవాళ్ల కంటికి ఆనలేదు కాబోలు.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తిని వేళ్లతో పీచు లాగి చూసి ధర కడతారు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేతవాళ్లను కూడగట్టి సహకార సంఘం పెడితే మగ్గం మీది చేతికి ఓ విలువ, ఓ చిరునామా వచ్చాయి. ఆ రెండూళ్లూ హొళగుందకు దూరమేం కాదు. పత్తికి ధర కట్టినవాళ్లకు, దుప్పటి నేసిన చేతికి సంఘం పెట్టినవాళ్లకు, బిడ్డను సాకిన చేతికి ఓ ధరా ఓ సంఘమూ కుదర్చడం చేతకాదా?

ఇవాళ ఏమవుతోందో తెలుసా? వానలు మొహం చాటేసిన ఏడు ఆ ఊళ్లు ఊళ్లే సుగ్గికి కదులుతాయి. పిల్లాజెల్లలతో గుంటూరు దిక్కు మిరపకాయలు కొయ్యడానికి పోతారు. ఏడాదికి ఎందరో బిడ్డల ఒళ్లు పట్టగల చేతులు కారం మంటల్లో కాయలు తెంపుతుంటాయి. అదే సమయాన బెంగుళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే మన అమ్మాయిలు "బిడ్డకు నీళ్లు పోసే మనిషి దొరకలేదమ్మా" అని ఫోను చేసి ఏడుస్తారు. ఏజెన్సీ అడిగినంత ఇచ్చి, ఎక్కడినుంచో వచ్చిన, ఏం నేర్చుకుందో తెలియని మనిషిని పెట్టుకుంటారు. ఇక్కడ చెయ్యి ఉంది, అక్కడ అవసరం ఉంది. మధ్యలో లేనిది ఓ నెల శిక్షణ, ఓ కాగితం.

కనక ఈ అడగడమేదో మనమే అడుగుదాం. ఆదోని ఆస్పత్రిలోనే ఓ గది ఇమ్మందాం. నర్సమ్మ ఏం చెయ్యకూడదో చెబుతుంది, అవ్వ ఎలా చెయ్యాలో చూపిస్తుంది. కుర్ర పిల్లలు ఇద్దరి దగ్గరా నేర్చుకుంటారు. పరీక్ష చేతితోనే పెట్టాలి, కాగితం మీద కాదు. ఆ పద్దెనిమిదికి పందొమ్మిదో వృత్తి చేర్చమని పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా అర్జీ పెడదాం.

అర్జీ ఢిల్లీ చేరేలోపు మనింట్లో చెయ్యగలిగింది ఒకటుంది. ఈసారి ఇంట్లో పురుడొస్తే, అవ్వను పిలిచిన మొదటి రోజే రోజు కూలి ఎంతో మాట్లాడుకుని, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టండి. కాఫీ మీరు తాగే గ్లాసులోనే ఇవ్వండి. దానికి ఏ ప్రభుత్వమూ జీవో ఇవ్వక్కర్లేదు.