తెర మీద చక్రాలు: బండికి బుర్ర మార్పించే ముందు...

2001లో వచ్చిన 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' చూడని కుర్రకారు మన పాఠకుల్లో ఎంతమంది ఉంటారు? పదిమందిలో ఇద్దరున్నా గొప్పే! అందులో హీరో పాల్ వాకర్ ఒక సీనులో, ఎదుటి ముఠావాళ్లు తమ హోండా కార్ల కోసం ఏమేం కొన్నారో గడగడా వల్లిస్తాడు. ఆ చిట్టాలో మోటెక్ వారి ఎగ్జాస్టు అని ఒక మాట దొర్లుతుంది. హాల్లో మామూలు ప్రేక్షకుడు ఈల వేశాడు. షెడ్డులో పనిచేసే కుర్రాడు మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు!

ఎందుకంటారా? మోటెక్ అనేది 1987లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టిన కంపెనీ. అది పేరు తెచ్చుకున్నది పొగగొట్టాలతో కాదు, ఇంజను బుర్రలతో. అంటే ఇ.సి.యు.లతో. తలపాగాల కొట్టు పేరు చెప్పి చెప్పులు కొన్నానన్నట్టుంది కదూ ఆ డైలాగు! పోనీలెండి, సినిమాలో తప్పు పలికితే నవ్వుకుని ఊరుకుంటాం. నిజం బండిలో తప్పు బుర్ర పెట్టిస్తే మాత్రం ఏడుపే మిగులుతుంది. అందుకే ఈ వారం ఈ ముచ్చట.

అసలు ఈ బుర్ర చేసే పనేమిటి?

పాత బండ్లలో కార్బొరేటరుండేది. పెట్రోలు ఎంత, గాలి ఎంత అన్న లెక్క దానిదే. ఇప్పుడు ఆ పని, దానితోబాటు స్పార్కు ఎప్పుడు పడాలన్న లెక్క కూడా ఇ.సి.యు. చూసుకుంటుంది. ఆరు సిలిండర్ల ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు 300 సార్లు మంట పుట్టాలి. మూడు వందల సార్లూ పెట్రోలు కొలిచి పోయాలి, సరిగ్గా వేళకి నిప్పు పెట్టాలి. రికార్డింగ్ థియేటర్లో నలభై వయొలిన్లను ఒక్క చేతి సైగతో నడిపే కండక్టర్ని చూశారా? అదే పని, కాకపోతే కునుకు లేదు, టీ బ్రేకు లేదు!

మరి కంపెనీ ఇచ్చిన బుర్ర చాలదా? కారు కంపెనీ ఇచ్చినట్టే ఉంటే భేషుగ్గా చాలు. సినిమాలో పాల్ వాకర్ నడిపిన నారింజరంగు టొయోటా సూప్రానే తీసుకోండి. దాని టర్బో మోడల్‌లో 2జె.జడ్. ఇంజను మూడు లీటర్లది, రెండు టర్బోలున్నది. జపానులో 280 హార్సు పవరని లెక్క చెప్పి అమ్మారు. ఆ రెండు చిన్న టర్బోలూ పీకేసి ఒక పెద్ద టర్బో, పెద్ద ఇంజక్టర్లు బిగించారనుకోండి. కంపెనీ వాళ్లు రాసిన లెక్కల పట్టీలో అంత గాలికి గడే లేదు. బుర్రకేమో పాత ఇంజక్టర్లే ఉన్నాయన్న భ్రమ. పాపం, దాని తప్పేముంది? నలుగురికి వండే వంటావిడ చేతికి నాలుగొందల మంది పెళ్లి అప్పజెప్పినట్టు!

ఇక్కడే ప్రాణాంతకమైన సంగతొకటుంది. పెట్రోలు పూర్తిగా మండడానికి లెక్కప్రకారం ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. టర్బో పూర్తి ఒత్తిడిలో ఉన్నప్పుడు మాత్రం ట్యూనర్లు కావాలనే ఎక్కువ పెట్రోలు పోసి, గాలిని 12 పాళ్లకు అటూ ఇటూగా ఉంచుతారు. ఆ అదనపు పెట్రోలే లోపల వేడి తగ్గిస్తుంది. అది తగ్గిందా, మిక్చర్ లీనవుతుంది, నాకింగ్ మొదలవుతుంది, పిస్టన్ కరుగుతుంది. దీనికి గంటలక్కర్లేదు, కొన్ని సెకన్లు చాలు. మీ ఏడాది జీతం టప్పున గాస్కెట్లో కలిసిపోతుంది!

మూడు దారులు

మొదటిది, ఉన్న బుర్రకే కొత్త పాఠం చెప్పించడం. దీన్నే రీమ్యాపంటారు. పెట్టెను మార్చరు, లోపలి లెక్కలు మారుస్తారు. రెండోది, పిగ్గీబ్యాక్. సెన్సారుకీ బుర్రకీ మధ్య దూరి, అటు మాట ఇటు మార్చి చెప్పే పెట్టె. చవక, కాని చాడీలు చెప్పే కోడలిలాంటిది. ఎంతదాకా నమ్మాలో తెలీదు. మూడోది స్టాండలోన్. పాత బుర్రను తీసేసి పూర్తిగా కొత్తది పెట్టడం. మోటెక్, సిడ్నీ వారి హాల్‌టెక్, న్యూజిలాండ్ వారి లింక్, అమెరికాలో ఇద్దరు ఇంజనీర్లు సొంతంగా బిగించుకునేవాళ్ల కోసం మొదలుపెట్టిన మెగాస్క్విర్ట్... ఈ వరసలోవే.

ఏది మంచిదని ఒక్క ముక్కలో చెప్పమంటారా? చెప్పను! మీ బండిని బట్టి ఉంటుంది. 1990ల నాటి సూప్రాకి స్టాండలోన్ చక్కగా నప్పుతుంది. 2019లో కొత్తగా వచ్చిన సూప్రా ఉంది చూశారూ, అందులో ఉన్నవి బి.ఎం.డబ్ల్యు. వారి ఇంజన్లు. వాటిలో ఇంజక్టరు నేరుగా సిలిండర్లోకే పెట్రోలు చిమ్ముతుంది. దానికి ఎక్కువ వోల్టేజి ఇచ్చే ప్రత్యేకమైన సర్క్యూట్లు కావాలి. పైగా గేర్‌బాక్సు, బ్రేకుల ఎ.బి.ఎస్., మీటర్లు అన్నీ ఇంజను బుర్రతో నిరంతరం కబుర్లాడుతుంటాయి. ఆ భాష రాని కొత్త బుర్ర పెడితే ఇల్లంతా మౌనవ్రతమే! అలాంటి కొత్త బండ్లకు రీమ్యాపే ముందు ఆలోచించాల్సిన దారి.

కొనేముందు అడగాల్సినవి

ఒకటి: ట్యూన్ చేసేదెవరు? పెట్టె ఎంత గొప్పదైనా లోపల లెక్కలు రాసేది మనిషే. ముందు మీకు అందుబాటులో ఉన్న మంచి ట్యూనర్ని వెతకండి, ఆయన చెయ్యి తిరిగిన బ్రాండేదో అడగండి, ఆ తర్వాతే డబ్బు తీయండి. పెళ్లికూతుర్ని చూడకుండా ముహూర్తం పెట్టించుకోకూడదు. డైనో మీద ఎన్ని గంటలు పెడతారో, పని అయ్యాక ఆ మ్యాపు ఫైలు మీ చేతికిస్తారో లేదో కూడా ముందే తేల్చుకోండి. తాళం వేసి ఇచ్చే మ్యాపైతే రేపు ఇంకొకరి దగ్గరికి వెళ్లలేరు.

రెండు: మీ ఇంజను మాట దానికి అర్థమవుతుందా? క్రాంక్ చివర ఒక పళ్ల చక్రం ఉంటుంది. అరవై పళ్ల లెక్కలో రెండు లేకుండా చేసింది ఒక రకం. ఇలాంటివి బోలెడు. ఆ ఖాళీని చూసే పిస్టన్ ఎక్కడుందో బుర్ర పోల్చుకుంటుంది. మీ చక్రం లెక్క ఆ పెట్టెకు తెలియకపోతే బండి స్టార్టే కాదు. ఇంజక్టర్లకీ, కాయిళ్లకీ సరిపడా వైర్లున్నాయో లేదో కూడా చూడండి. మీ మోడల్‌కే పాత ప్లగ్గులో సరిపోయేలా చేసిన పెట్టె దొరికితే వైరింగు తలనొప్పి సగం తగ్గినట్టే.

మూడు: దానికి కళ్లున్నాయా? వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సారు, నాక్ సెన్సారు, ఆయిల్ ప్రెషరు, పెట్రోలు ప్రెషరు చూసే సెన్సార్లు బిగించుకునే వీలుండాలి. ఇథనాల్ కలిపిన ఇంధనం వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 85 శాతం ఇథనాల్ ఉన్నదానికి గాలి పాళ్లు 14.7 కాదు, 9.8 దగ్గరికి దిగుతాయి. అంటే అదే పనికి మూడోవంతుకు పైగా ఎక్కువ ఇంధనం పోయాలి. ఎంత కలిసిందో చూసే సెన్సారు లేకుండా గుడ్డిగా పోస్తే ఏమవుతుందో పైన చెప్పేశాను.

నాలుగు: ఆపద వస్తే ఏం చేస్తుంది? సినిమా మొదటి రేసు గుర్తుందా? లాప్‌టాప్ తెర మీద మానిఫోల్డుకు ప్రమాదమని అక్షరాలు మెరుస్తాయి, కారు అడుగురేకు ఊడి రోడ్డు మీద పడుతుంది! చూడ్డానికి భలేగా ఉంటుంది. కాని మంచి ఇ.సి.యు. అక్షరాలు చూపించి ఊరుకోదు. ఆయిల్ ప్రెషరు పడిపోయినా, మిక్చర్ లీనయినా, వేడి హద్దు దాటినా టర్బో ఒత్తిడి తగ్గిస్తుంది, అవసరమైతే ఇంజనే ఆపేస్తుంది. నడిపేవాడు తెర చదివేలోపు పిస్టన్ పోతుంది మరి! ఈ రక్షణ సౌకర్యం లేని పెట్టె ఎంత చవకైనా వద్దు.

అయిదు: మొత్తం ఖర్చెంత? పెట్టె ధర టికెట్టు మాత్రమే. వైరింగు, సెన్సార్లు, పెట్రోలు పంపు, డైనో గంటలు ఇవన్నీ ఇంటర్వెల్ తర్వాత వచ్చే బిల్లు! మీ దగ్గరున్న డబ్బంతా పెట్టెకే అయిపోతుంటే ఒక మెట్టు దిగి చిన్న పెట్టె కొనండి. సగంలో ఆగిన గొప్ప సినిమాకన్నా విడుదలైన చిన్న సినిమా నయం.

రోడ్డు మీదా? ఆగండి!

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అమెరికాలో ఉద్యోగం చేస్తూ బండి కొన్న మన తమ్ముళ్లు కూడా కాలర్ ఎగరేయక్కర్లేదు. అక్కడ పొగ నియంత్రణను చెరిపే మార్పులు ఫెడరల్ చట్టప్రకారం నేరం. కాలిఫోర్నియా అయితే మరీ కఠినం. సరదా తీరాలంటే రేసు ట్రాకుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే అందుకే ఉన్నాయి.

చివరిగా ఒక్క మాట. మనందరికీ ఈ పిచ్చి అంటించిన పాల్ వాకర్ 2013 నవంబరు 30న శాంటా క్లారిటాలో నలభయ్యేళ్ల వయసులో కన్నుమూశారు. ఆ పోర్షే కరేరా జి.టి.ని నడిపింది ఆయన కాదు, పక్క సీట్లో కూర్చున్నారు. గంటకు 45 మైళ్లు దాటకూడని రోడ్డు మీద ఆ కారు 80 నుంచి 93 మైళ్ల వేగంతో వెళ్లిందని దర్యాప్తులో తేలింది. టైర్లు తొమ్మిదేళ్ల పాతవి. యంత్రంలో లోపమేమీ కనబడలేదు.

అంచేత తమ్ముళ్లూ, బండికి కొత్త బుర్ర కొనే ముందు టైర్ల మీది తారీఖు చూడండి, బ్రేకులు చూడండి. ఆ తర్వాత మీ బుర్ర కూడా ఒకసారి తడిమి చూసుకోండి. దానికి ఆఫ్టర్‌మార్కెట్లో స్పేరు దొరకదు!

వచ్చే వారం మళ్లీ కలుద్దాం.