సాక్ష్యం వర్తమానంలోకి రావాలి



మన సంఘాల్లో సాక్ష్యం గెలుపు తరువాతే వినిపిస్తుంది. తాగుడు మానినవాడు లేచి నిలబడి దేవుణ్ణి స్తుతిస్తాడు. ఇంకా మానలేనివాడు వెనక వరసలో తల వంచుకుంటాడు, లేదా ఆ ఆదివారం గుడికి రావడమే మానుకుంటాడు. బిడ్డను కన్న తల్లి కృతజ్ఞతార్పణతో ముందుకు నడుస్తుంది. గర్భం నిలవని సోదరికి మన ఆరాధన క్రమంలో ఒక్క నిమిషమైనా చోటు లేదు. గుమ్మం దగ్గర "వందనాలండీ, బాగున్నారా?" అని అడిగితే "దేవుని కృపవల్ల బాగున్నాం" అనడం తప్ప మరో జవాబు మనకెవరూ నేర్పలేదు. ఆ కాలం ముగిసింది. పోరాటం నడుస్తుండగానే నోరు విప్పి సాక్ష్యం చెప్పగల సహవాసాన్ని కట్టడానికి మేము పూనుకున్నాం. మీరూ మాతో నడుస్తారన్న ఆశతో మా నమ్మకాలను మీ ముందుంచుతున్నాం.

1. నిజం చెప్పడం ఆరాధనే. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలు. 88వ కీర్తన స్తుతి దాకా వెళ్లనే వెళ్లదు, చీకటిలోనే ఆగిపోతుంది. తరతరాల భక్తులు దాన్ని అలాగే ప్రార్థించి, అలాగే మన చేతికి అందించారు. బదరీ వృక్షం కింద పడుకుని చావును కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. రెండుసార్లు నిద్రపోనిచ్చాడు, రెండుసార్లు తిండి పెట్టించాడు, ప్రయాణం మాట ఆ తరువాతే వచ్చింది. గెత్సేమనేలో ప్రభువు తన వేదనను పేతురు, యాకోబు, యోహానుల దగ్గర దాచలేదు. తనతో మెలకువగా ఉండమని అడిగాడు. దేవుని కుమారుడే తోడు కోరుకున్న చోట, ఒంటరిగా భరించడానికి విశ్వాసమని పేరు పెట్టడం ఇక చెల్లదు. కన్నీళ్లు అవిశ్వాసమని, దిగులు దయ్యపు పని అని చెప్పే బోధకు మా మధ్య తావు లేదు. మా కూటాల్లో స్తుతికి ఎంత సమయమో విలాపానికీ అంత సమయం.

2. ఎదుగుదలకు కొలత మారాలి. ఎన్ని అధ్యాయాలు చదివాం, ఎన్ని రోజులు ఉపవాసమున్నాం అన్నవి మంచి సాధనలే, వాటిని మేము విడిచిపెట్టం. కానీ ఇంట్లో మాట్లాడే గొంతుకీ కూటంలో ప్రార్థించే గొంతుకీ మధ్య దూరం తగ్గుతోందా అన్నదే అసలు కొలత. కోపం వచ్చిన క్షణంలో దాన్ని కోపమని గుర్తుపట్టడం, భయాన్ని భక్తి మాటలతో కప్పకపోవడం, భార్య ముందూ పిల్లల ముందూ "తప్పు నాదే" అనగలగడం... పరిశుద్ధత ఈ దారిలోనే ఒంటబడుతుంది.

3. స్వస్థత చిన్న గుంపులో జరుగుతుంది. ఇది మేము కొత్తగా కనిపెట్టింది కాదు. పరస్పరం ఒప్పుకోలు చేసుకోవాలన్న ఆజ్ఞ యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉంది, ఆ ఒప్పుకోలును స్వస్థతతో ముడివేసింది కూడా అక్కడే. 1738లో జాన్ వెస్లీ తన చిన్న బృందాలకు రాసిన నియమాలకు పునాది ఆ వాక్యమే. వారానికోసారి కొద్దిమంది కూడుకొని తమ ఆత్మల అసలు స్థితిని దాపరికం లేకుండా చెప్పుకోవాలని ఆయన ఏర్పాటు చేశాడు. 1930ల్లో రువాండాలోని గాహిని నుంచి తూర్పు ఆఫ్రికా అంతటా పాకిన ఉజ్జీవంలో వెలుగులో నడవడమంటే ఒకరి ముందు ఒకరు బయటపడటమే. అక్కడ తెల్లవారైన మిషనరీలు ఆఫ్రికా విశ్వాసుల ముందు తమ గర్వాన్ని ఒప్పుకొన్నారు. జర్మనీలో నాజీ పోలీసులు 1937లో మూయించిన ఫింకెన్‌వాల్డె సెమినరీలో కలిసి బతికిన అనుభవం నుంచి, దాన్ని నడిపిన డీట్రిక్ బాన్‌హోఫర్ 1939లో ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. అందులో చివరి అధ్యాయం ఒప్పుకోలు గురించీ ప్రభువు బల్ల గురించీ.

మన నేల చరిత్రా ఇదే చెబుతుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మనం గర్వంగా తలచుకుంటాం. తలచుకోవలసిందే. అయితే 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థనకు మోకరించినవారిని చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య తన వాళ్ల మధ్య, మాదిగ పల్లెల్లో, చుట్టరికాల దారి పట్టుకొని సువార్త చెప్పాడు. పెద్ద అంకెలు వచ్చింది ఆ తరువాత. మన పూర్వికుల విశ్వాసం ఇళ్ల వాకిళ్లలో, ఒకరినొకరు ఎరిగిన మనుషుల మధ్య వేళ్లూనింది. నిజాయితీ కూడా ఆ దారినే రావాలి.

అందుకే మా గుంపు ఎనిమిది మందిని మించదు. స్త్రీలు స్త్రీలతో, పురుషులు పురుషులతో కూర్చుంటారు. మైకు ఉండదు, స్టేజీ ఉండదు, కానుకల సంచి తిరగదు. ఒకరు చెబుతుంటే మధ్యలో ఎవరూ అందుకోరు. అడగనిదే సలహా ఇవ్వరు. ఎదుటివారి మాట పూర్తికాకముందే బైబిలు తెరిచి వాక్యం చూపరు. చెప్పడానికి మాట రానివారు ఊరికే కూర్చుని వెళ్లవచ్చు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నంతకాలం మంచి స్నేహితులే. నోరు తెరిచాకే అతనికి భారమయ్యారు. ఆ మొదటి ఏడు రోజులు మాకు ఆదర్శం.

4. విన్నది విన్నచోటే ఉండాలి. "భారంతో ప్రార్థించండి" అన్న మాట తగిలించుకొని ఒకరి గుట్టు తెల్లారేసరికి సంఘం వాట్సాప్ గ్రూపులోకి చేరుతుంది. అలా చేరిన ప్రతి గుట్టూ మరో పదిమంది నోళ్లు మూయించింది. మా మధ్య చెప్పిన మాట గది దాటదు. చెప్పినవారు ఒప్పుకుంటే తప్ప భార్యకైనా భర్తకైనా పాస్టర్ గారికైనా చేరదు. దాటించినవారు ఆ గుంపులో కొనసాగరు.

ఎవరికి ఎంత చెప్పాలన్నది చెప్పేవారి హక్కు. మన దేశంలో ఇది చిన్న సంగతి కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడికి షెడ్యూల్డ్ కులాల హోదా ఉండదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో ఆ ఉత్తర్వులో చేర్చారు, క్రైస్తవులు బయటే మిగిలారు. అందువల్ల సర్టిఫికెట్‌లో ఒక పేరుతో, సంఘంలో మరో పేరుతో బతికే కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. ఆ రెండు పేర్ల బతుకును నిజాయితీ లోపమని మేము ఎన్నడూ అనం. అది చట్టం చేసిన గాయం. బడిలో హాజరు పిలిచినప్పుడు ఒక పేరుకీ, సండే స్కూల్లో మరో పేరుకీ పలికిన పిల్లల మనసులో ఏం మిగిలిందో వినే చోటు మన ఆరాధనల్లో ఇంతవరకు లేదు. మా సహవాసంలో ఉంటుంది.

ఒక్క హద్దు ఉంది. పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే మౌనం పాటించం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపించినా వెంటనే సాయం పిలుస్తాం. ఈ హద్దును మొదటి రోజే, ఎవరూ ఏదీ చెప్పకముందే, అందరికీ తెలియజేస్తాం.

5. క్షమాపణను ఎవరి దగ్గరా గుంజుకోకూడదు. 2 సమూయేలు 13వ అధ్యాయంలో అత్యాచారానికి గురైన తామారు తల మీద బూడిద పోసుకొని, బట్టలు చింపుకొని, ఏడుస్తూ బయటికి వచ్చింది. అన్న అబ్షాలోము ఊరుకోమన్నాడు. తండ్రి దావీదుకు కోపం వచ్చింది, అంతకుమించి ఆమె కోసం ఏమీ చేయలేదు. మన సంఘపెద్దల పంచాయితీల నుంచి ఎందరు తామార్లు అలాగే ఇళ్లకు తిరిగి వెళ్లారు! భర్త కొడుతున్నాడని వస్తే లోబడమన్నారు, ఇంకొంచెం ప్రార్థించమన్నారు. మేము ఏ స్త్రీనీ దెబ్బలు ఎదురుచూస్తున్న ఇంటికి పంపం. గృహ హింస నుంచి రక్షణ కోసం 2005లో చట్టం వచ్చింది, అవసరమైతే రక్షణ అధికారి ఆఫీసు దాకా తోడు వెళ్తాం. క్షమ దేవుడు ఇచ్చేది. పెద్దలు తీర్మానం రాసినంత మాత్రాన అది పుట్టదు. గాయపరిచినవాడు నిజంగా పశ్చాత్తాపపడితే, తాను చేసినదానికి రావలసిన ఫలితాన్ని తప్పించుకోకుండా భరిస్తాడు. దాన్ని చూశాకే సమాధానం మాట ఎత్తుతాం.

6. వైద్యం విశ్వాసానికి శత్రువు కాదు. జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో సుమారు పదిమందికి ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు, వారిలో ఎక్కువమందికి చికిత్స అందడం లేదు. ఆ పదోమనిషి మన పక్క బెంచీలోనే ఉన్నాడు. మందు ఆపమని మా కూటంలో ఎవరూ చెప్పరు. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లడం, మందు నాగా పడుతోందా అని ఫోన్ చేసి అడగడం, ఆ పూట ఇంట్లో వంట చేసి పెట్టడం మాకు సేవ. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం నడుపుతున్న మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. మా కూటం జరిగే ప్రతి గది గోడ మీదా ఆ నంబరు ఉంటుంది.

7. కాపరికీ కాపరి కావాలి. పాస్టర్ గారి సందేహాన్ని, అప్పుని, నిద్రలేని రాత్రిని వినేవారు లేరు. కుంగిపోయానని ఆయన చెబితే సేవ పోతుంది, సేవ పోతే ఇల్లూ పోతుంది. చాలాచోట్ల ఆ కుటుంబం ఉండేది చర్చి గదుల్లో, పూట గడిచేది కానుకలతో. పాస్టరమ్మ భారం ఇంకా ఎక్కువ. సంఘంలోని స్త్రీలందరి గోడూ ఆమె వింటుంది, తన గోడు ఏ ఒక్కరికి చెప్పినా సంఘమంతా పాకుతుందని భయపడుతుంది. అందుకే కాపరులకు, వారి భార్యలకు వేరే గుంపులు పెడతాం. అందులో వేరు వేరు ఊళ్లవారు, వేరు వేరు శాఖలవారు ఉంటారు. లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ., బైబిలు మిషను, హెబ్రోను, పెంతెకొస్తు, ఎవరైనా సరే. ఒకరి సంఘం మీద మరొకరికి అధికారం లేనిచోటే కాపరి నోరు తెరవగలడు.

మేము ఎదురుచూస్తున్న ఆదివారం ఎలా ఉంటుందో వినండి. సాక్ష్యాల సమయంలో ఒక యువకుడు లేచి "నిన్న రాత్రి కూడా తాగాను, నాకు సాయం కావాలి" అంటాడు. ఎవరూ గుసగుసలాడరు. ఇద్దరు లేచి అతని పక్కన నిలబడతారు. సోమవారం సాయంత్రం, అతను రోజూ బయలుదేరే వేళకు, వాళ్లిద్దరూ అతని ఇంట్లో ఉంటారు. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్‌కి ఇంటిపనికి వెళ్లిన తల్లులు అక్కడి శుక్రవారం ఆరాధన తరువాత ఇంటికి పంపిన డబ్బు సంగతితోపాటు తమ ఒంటరితనం సంగతీ చెప్పుకుంటారు. ఇక్కడ వాళ్ల పిల్లల కోపాన్ని సండే స్కూల్ టీచర్ మందలించకుండా వింటుంది. పెళ్లి మాటలప్పుడు "మా అమ్మాయికి డిప్రెషన్ వచ్చింది, మందులు వాడి తేరుకుంది" అని తల్లిదండ్రులు తల దించుకోకుండా చెబుతారు, అవతలివారు సంబంధం వదులుకోరు. బేతనియలో లాజరును సమాధిలోంచి పిలిచింది ప్రభువే, కట్లు విప్పే పనిని మాత్రం ఆయన చుట్టూ నిలబడినవారికి అప్పగించాడు. ఆ పని ఇప్పుడు సంఘం చేతుల్లో ఉంది, దాన్ని మేము నెత్తికెత్తుకుంటున్నాం.

మీ సంఘాన్ని విడిచి రమ్మని మేము పిలవడం లేదు. కొత్త పేరు, కొత్త బోర్డు, సభ్యత్వ రుసుము ఏవీ వద్దు. మీరు నమ్మే ఇద్దరిని ఈ వారమే ఇంటికి పిలవండి. ముందుగా నాలుగో నమ్మకాన్ని, దాని హద్దుతో సహా, కలిసి చదవండి. ముగ్గురూ ఒకరికొకరు మాట ఇచ్చుకున్నాకే మిగతా విషయాల్లోకి వెళ్లండి. ఎప్పుడో గెలిచిన సంగతులు ఆ రోజు చెప్పుకోవద్దు. ఈ వారం ఏం జరిగిందో, ఇంకా తేలకుండా మిగిలినదేమిటో చెప్పుకోండి. చివర ఒకరి పేరు ఒకరు ఎత్తి ప్రార్థించండి. మూడు నెలలు వారం తప్పకుండా కూడుకొని, ఆ తరువాత నాలుగోవారికి చోటివ్వండి.