దరఖాస్తులో మన బిడ్డల గడి ఏది?

రెవెన్యూ కార్యాలయంలో మూడు దశాబ్దాలు గుమాస్తాగిరీ చేసి విరమించినవారము గనుక, ఏ పథకాన్ని గురించి విన్నా మా చూపు ముందుగా దాని దరఖాస్తు ఫారం మీదికే పోతుంది. వేదిక మీద చెప్పే మాట వేరు, ఫారంలో అచ్చయ్యే గడి వేరు. ఆ రెంటి నడుమ ఎందరు పిల్లలు జారిపోతారో బల్ల దగ్గర కూర్చున్నవారికి తెలుస్తుంది.

మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ రద్దును మేము ఈ చూపుతోనే చూస్తున్నాము. సచార్ కమిటీ 2006లో మన విద్యాస్థితిని దేశం ముందుంచిన తరువాత, 2009లో ఈ ఫెలోషిప్ మొదలయింది. ఎం.ఫిల్., పిహెచ్.డి. చేసే ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ విద్యార్థులకు నెలనెలా భృతి ఇచ్చేది. 2014-15 నుంచి 2021-22 వరకు 6,722 మంది దీనికి ఎంపికయ్యారనీ, రూ.738.85 కోట్లు పంపిణీ అయ్యాయనీ ప్రభుత్వమే చెప్పింది. ఆ మాట చెప్పిన సందర్భంలోనే, అంటే 2022 డిసెంబరులో, 2022-23 నుంచి దానిని నిలిపివేస్తున్నట్లు కూడా లోక్‌సభలో ప్రకటించింది. మైనారిటీ విద్యార్థులకు వర్తించే ఫెలోషిప్‌లు ఇతరత్రా ఉన్నాయట, ఒకదానిపై ఒకటి పడుతున్నాయట!

ఒక విద్యార్థి ఏకకాలంలో రెండు ఫెలోషిప్‌లు తీసుకోవడానికి నిబంధనలు ఎన్నడూ ఒప్పుకోలేదు. కాబట్టి ఒకరికే రెండుసార్లు డబ్బు పోతున్నదన్న ప్రశ్న లేదు. ఇక మిగిలినది, నిజంగా ఆ 'ఇతర పథకాల' తలుపు మన బిడ్డలకు తెరిచి ఉన్నదా అన్నది.

మా పట్టణంలో ఒక దర్జీ కుమార్తె సంగతి చెబుతాము. వృక్షశాస్త్రంలో ఎం.ఎస్‌సి. చేసింది. సహాయాచార్య పదవికి అర్హత ఇచ్చేంతవరకు నెట్ పరీక్షలో గెలిచింది గాని, భృతి ఇచ్చే జె.ఆర్.ఎఫ్. కొద్దిలో తప్పింది. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. సీటు వచ్చింది. సరిగ్గా ఇటువంటివారికే మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఆసరాగా ఉండేది: నెట్ గెలిచి జె.ఆర్.ఎఫ్. అందనివారు దానికి దరఖాస్తు చేసుకొనేవారు. అది లేదు గనుక ఓ.బి.సి.లకు ఉన్న జాతీయ ఫెలోషిప్ చూద్దామని మా దగ్గరకు వచ్చింది. చేతిలో బి.సి.-ఇ ధ్రువపత్రం.

ఆ పత్రాన్ని తిరగేసి చూస్తూ కొంతసేపు మేము మాట్లాడలేకపోయాము. 2007 నాటి చట్టంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మనకు దక్కిన 4 శాతం రిజర్వేషన్ రాష్ట్ర జాబితాకు చెందినది. దూదేకులవారివంటి ఒకటి రెండు వర్గాలు కేంద్ర ఓ.బి.సి. జాబితాలో ఉన్నాయి గాని, షేక్‌లు మొదలైన బి.సి.-ఇ వర్గాలు అందులో లేవు. డిగ్రీ సీటు దగ్గర ఆ అమ్మాయి వెనుకబడిన తరగతి. ఢిల్లీ ఫారం దగ్గరకు వచ్చేసరికి జనరల్. తండ్రి కుట్టుమిషన్ మాత్రం మారలేదు, ఇల్లూ మారలేదు.

ఇది ఒక్క ఫెలోషిప్‌తో పోయేది కాదు. నెట్ రాయడానికి పి.జి.లో జనరల్ వారికి 55 శాతం మార్కులుండాలి, ఓ.బి.సి.లకు 50 చాలు. 53 శాతం తెచ్చుకున్న బి.సి.-ఇ విద్యార్థి పరీక్ష గది గడప కూడా తొక్కలేడు. ఐసర్‌లు, కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, అన్నిచోట్లా ఇదే లెక్క. 'ఇతర పథకాలు' అన్న మాట రాసిన అధికారి ఈ పత్రం ఒక్కటి చేతపట్టుకొని చూసి ఉంటే ఆ మాట రాయగలిగేవాడా అని మా సందేహం.

ఆ అమ్మాయి పిహెచ్.డి.లో చేరలేదు. ప్రస్తుతం ఒక ప్రైవేటు పాఠశాలలో ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెబుతున్నది. మంచి పంతులమ్మ అని పిల్లలంటారు. అది వేరే విషయం.

2020-21లో దేశవ్యాప్త ఉన్నతవిద్యా సర్వే ప్రకారం కళాశాలలలో, విశ్వవిద్యాలయాలలో చదివేవారిలో ముస్లింలు 4.6 శాతం. ముందటి ఏడాదికంటె తగ్గారు. జనాభాలో మన వంతు 2011 లెక్కల ప్రకారమే 14 శాతం. డిగ్రీ దగ్గరే ఇంత పలుచబడినవారు ప్రయోగశాల దాకా చేరేటప్పటికి ఎందరు మిగులుతారు? అలీగఢ్‌లో చదివిన ఒబైద్ సిద్దీఖీ టాటా ఇన్‌స్టిట్యూట్‌లో అణుజీవశాస్త్ర విభాగానికీ, బెంగళూరులో జాతీయ జీవశాస్త్ర కేంద్రానికీ పునాది వేశారు. అటువంటివారు ఆకాశం నుంచి ఊడిపడరు. ఐదారేళ్ళు అద్దె, బస్సు ఛార్జీ, ఇంటి ఖర్చు గురించి దిగులు లేకుండా పని చేసుకోనిస్తే తయారవుతారు.

ఇక మనవైపు కూడా ఒక మాట. ఇది కొందరికి రుచించదు. పాఠ్యపుస్తకాలకు, ఇంజనీరింగ్ ఫీజుకు, ఆడపిల్ల పెళ్ళికి జకాత్ తీసి ఇచ్చే పెద్దలు, పరిశోధన అనేసరికి 'ఇంకెన్నాళ్ళు చదువు?' అంటారు. దర్జీ ఇంట్లోనూ ఆ ప్రశ్న వచ్చింది. ఉద్యోగం కనబడని చదువును నమ్మడం పేదవారికి కష్టం, వారిని తప్పుపట్టము. కాని నమ్మగల స్తోమత ఉన్నవారు కూడా నమ్మకపోవడమే మమ్మల్ని బాధిస్తున్నది. నెట్‌కు ఒక ఏడాది శిక్షణ, ఇంటర్వ్యూకు రైలు ఖర్చు, హాస్టల్ అడ్వాన్సు, మొదటి భృతి చేతికందేదాకా గడిచే నెలలు: ఒక బస్తీ కమిటీ భరించలేనంత మొత్తమా ఇది? మంజూరైన ఫెలోషిప్ కూడా నెలల తరబడి ఆగిపోయి, పాత మౌలానా ఆజాద్ స్కాలర్లే అప్పులపాలైన సంగతి మరువరాదు.

ఉన్న దారులను మన పిల్లలకు చెప్పేవారూ తక్కువే. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తాయి, డిగ్రీ, పి.జి. పిల్లలు రెండు నెలలు పెద్ద శాస్త్రవేత్త దగ్గర పనిచేయవచ్చు. ఇందుకు రిజర్వేషన్ పత్రంతో పని లేదు. ఇంకొకటి: కేంద్ర రిజర్వేషన్ల పరిధిలోకి రాని కుటుంబం, వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి ఆస్తి షరతులకు లోబడితే, కేంద్ర సంస్థల కోసం ఇ.డబ్ల్యు.ఎస్. పత్రం అడగవచ్చు. 'నీవు బి.సి.-ఇ గదా, నీకెందుకు?' అని కిటికీ దగ్గరే పంపివేస్తే తిరిగి రావద్దు. కేంద్ర ఉత్తర్వు ప్రతిని జతచేసి, లిఖితపూర్వకంగా సమాధానం కోరండి. మేము ఆ కిటికీకి లోపలివైపు కూర్చున్నవారమే, కాగితం అడిగినవాడికి లభించే మర్యాద ఏమిటో ఎరుగుదుము. ఈ పత్రం ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా తీసుకోవలసి ఉంటుంది.

అయితే ఇది అతుకు మాత్రమే. బి.సి.-ఇ వర్గాలను కేంద్ర జాబితాలో చేర్చాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ జాతీయ బి.సి. కమిషన్‌ను పట్టుబట్టి అడగాలి. విదేశీ చదువుకు మైనారిటీ విద్యార్థికి 20 లక్షల రూపాయలు ఇవ్వడానికి తెలంగాణ ముందుకు వచ్చింది, సంతోషం. అదే చొరవ ఇక్కడి ప్రయోగశాలలో ఐదేళ్ళు గడపగోరే విద్యార్థిపట్ల కూడా చూపమంటున్నాము. మౌలానా ఆజాద్ ఫెలోషిప్ పునరుద్ధరణకు మన ఎం.పి.లు సభలో అడగవలసిన ప్రశ్న కూడా సిద్ధంగానే ఉన్నది: కేంద్ర ఓ.బి.సి. జాబితాలో లేని, నెట్ గెలిచి జె.ఆర్.ఎఫ్. రాని ముస్లిం విద్యార్థికి వర్తించే ఆ 'ఇతర పథకం' పేరేమిటి?

దర్జీగారి అమ్మాయి మళ్ళీ నెట్ రాస్తానంటున్నది. ఇ.డబ్ల్యు.ఎస్. పత్రానికి ఈ నెల దరఖాస్తు ఇచ్చాము, రసీదు మా దగ్గర ఉంచుకున్నాము.