స్టార్టర్ తిరిగినా ఇంజను అందుకోనప్పుడు

మన సంస్థలలో నేటికీ సేవలందిస్తున్న పాత డీజిల్ పికప్ వాహనాలు ఒక్కొక్క ఉదయం మొరాయిస్తుంటాయి. స్టార్టర్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు. డ్రైవర్లు తాళంచెవి వదలకుండా తిప్పుతూనే ఉంటారు. బ్యాటరీ నీరసిస్తుంది, స్టార్టర్ వేడెక్కుతుంది. ఒక లోపం మూడవుతుంది. కనుక ఒక విడతకు 10 సెకండ్లకు మించి తిప్పరాదనీ, నడుమ 1 నిమిషమైనా విరామమివ్వాలనీ మా మనవి.

ఆ 10 సెకండ్లలో మరొకరు సైలెన్సరు వైపు చూడాలి. పొగ బొత్తిగా రాకపోతే డీజిల్ సిలిండర్లకు చేరడం లేదన్నమాట. తెల్లని పొగ వస్తే చేరుతున్నది గాని మండడం లేదు.

మొదటి సందర్భంలో ట్యాంకులో డీజిల్ ఉన్నదా, ఇంజనును ఆపే సోలినాయిడ్‌కు కరెంటు అందుతున్నదా అని చూడాలి. పిదప ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలాలి. ఫిల్టరుపై స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేవరకు చేతిపంపు నొక్కాలి. మెకానిక్కులు 'ఎయిర్ తీయడం' అనేది దీనినే. రెండవ సందర్భంలో గ్లో ప్లగ్గులను, స్టార్టర్ వేగాన్ని, చివరగా కంప్రెషన్‌ను పరీక్షించాలి.

ఒక హెచ్చరిక: ఇంజెక్టర్ గొట్టాల దగ్గర చేతులు పెట్టరాదు. అక్కడి పీడనానికి డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోనికి పోగలదు.

ఇంజెక్షన్ పంపు విప్పడం చిట్టచివరి పని. గాలి బుడగ చేసిన నేరానికి పంపును శిక్షిస్తే, అర్ధరాత్రి అత్యవసరంగా కదలవలసిన వాహనం షెడ్డులోనే ఉండిపోతుంది.