నంబరు వేసే చెయ్యి ఎవరిది?

పిల్లల నుదుటి మీద నంబరు వెయ్యటం ఈ లోకానికి మహా ఇష్టం. పదో తరగతి మార్కులు ఒక నంబరు. ఎంట్రన్సు ర్యాంకు ఒక నంబరు. నంబరు పడ్డాక ఇక పిల్లవాడు కనపడడు, నంబరే కనపడుతుంది. ముందు నంబరు వచ్చినవాడు ప్రతిభావంతుడు. వెనక నంబరు వచ్చినవాడు మొద్దు. అసలు నంబరే రానివాడు మనిషి లెక్కలోనే లేడు. బడిలో పాఠాలు చెప్పుకునే మాకు ఈ వ్యవహారం రోజూ కళ్ల ముందు ఉండేదే.

అయితే ఈసారి మేము చాలా దూరపు ఆట గురించి రాస్తున్నాం. అమెరికా, కెనడా దేశాల్లో మంచు మీద ఆడే హాకీ. మన ధ్యాన్‌చంద్ ఆడిన మైదానపు హాకీ కాదు ఇది. కాళ్లకు ఉక్కు అంచున్న బూట్లు, చేతిలో కర్ర, బంతి బదులు గట్టి రబ్బరు బిళ్ల. ఈ ఆట గొడవ మనకెందుకు అని అడిగే అన్నలకు, అక్కలకు ఒకటే చెప్తాం. 18 ఏళ్ల పిల్లల్ని వరసలో నిలబెట్టి నంబర్లు వేసే పని అక్కడ బాహాటంగా జరుగుతుంది. నంబరు వేశాక ఎవడు ఏమయ్యాడో ఆ లెక్క కూడా దాచకుండా ఉంటుంది. అందుకని ప్రతిభ పేరుతో జరిగే పని అసలు రంగు అక్కడ చూడటం తేలిక.

ముందు పద్ధతి చెప్పుకుందాం. మన ఊళ్లో కబడ్డీకి ఇద్దరు నాయకులు వంతులేసుకుని జట్లు పంచుకుంటారు కదా. నువ్వొకణ్ణి, నేనొకణ్ణి. అక్కడా అంతే. నేషనల్ హాకీ లీగు అని పెద్ద లీగు ఉంది, 32 జట్లు. ఏటా ఒకసారి కుర్రాళ్లను వంతుల ప్రకారం కోరుకుంటారు. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. 1963లో మొదలైంది. అంతకు ముందు పెద్ద క్లబ్బులు కుర్రాళ్ల జట్లను పోషించి, చిన్న వయసులోనే వాళ్ల హక్కులు రాయించుకునేవి. ఇప్పుడు ఏడు రౌండ్లు, మొత్తం 224 పేర్లు. కిందటేడు అడుగున ఉన్న జట్లకు ముందు వంతులు. సెప్టెంబరు 15 నాటికి 18 ఏళ్లు నిండేవాడు పోటీలో ఉంటాడు. ఏ జట్టు కోరుకుంటే ఆ లీగులో కుర్రవాడి మీద హక్కు ఆ జట్టుదే. నచ్చిన జట్టును ఎంచుకునే స్వేచ్ఛ కుర్రవాడికి లేదు.

ఇక 1993 డ్రాఫ్ట్ చూద్దాం. ఆ ఏడు 286 మందిని ఎంచుకున్నారు. మొదటి నంబరు అలెగ్జాండ్రె డేగల్. ఒటావా జట్టు తీసుకుంది. ఇతని కోసమే ఆ జట్టు కావాలని ఓడిందన్న అనుమానాలు కూడా వచ్చాయి. 1995లో మొదటి వంతుకు లాటరీ పెట్టటం వెనక ఆ గొడవ ఉంది. ఒక్క ఆట ఆడక ముందే డేగల్‌కు ఐదేళ్లకు కోటీ 22 లక్షల 50 వేల డాలర్లు రాసిచ్చారు. అదే ఏడు 219వ నంబరు మైక్ గ్రియర్. తొమ్మిదో రౌండు. డెట్రాయిట్‌లో పుట్టిన నల్లజాతి కుర్రాడు.

తర్వాత ఏమైంది? డేగల్ 616 ఆటలు ఆడాడు, 327 పాయింట్లు. గ్రియర్ 1,060 ఆటలు ఆడాడు, 383 పాయింట్లు. అమెరికాలో పుట్టి, అమెరికాలోనే ఆట నేర్చుకుని ఆ లీగుకు చేరిన మొదటి నల్లజాతి ఆటగాడు గ్రియరే. ఇక్కడ డేగల్‌ను ఎగతాళి చెయ్యటం మా ఉద్దేశం కాదు. 616 ఆటలు తక్కువేం కాదు. 18 ఏళ్ల కుర్రాడి నెత్తిన కొండంత బరువు పెట్టినవాళ్లది తప్పు. 219వ నంబరు వేసి పక్కన పెట్టినవాళ్లకూ చూపు లేదు. రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

మరి 219వ నంబరు కుర్రాడు 1,060 ఆటలదాకా ఎట్లా నిలబడ్డాడు? అతనికి కాలేజీ ఉంది. 1993 నుంచి 1996 దాకా బోస్టన్ యూనివర్సిటీలో ఆడాడు. 1995లో ఆ జట్టు దేశం మొత్తం మీద కాలేజీల విజేత. మూడేళ్ల టైము దొరికింది. ఒళ్లు గట్టిపడింది, ఆట ముదిరింది. 1996లో ఎడ్మంటన్ జట్టుతో పెద్ద లీగులో అడుగు పెట్టాడు.

ఈ కాలేజీ సంగతి వివరంగా చెప్పుకోవాలి. అక్కడి కుర్రాళ్లకు పెద్ద లీగుకు పోవటానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి కెనడా జూనియర్ లీగులు. 16 నుంచి 20 ఏళ్ల పిల్లలు, ఏడాదికి దగ్గర దగ్గర 70 ఆటలు. రెండోది అమెరికా కాలేజీలు. ఆటలు అందులో సగం. కానీ ఎదురుగా నిలబడేది 22, 23 ఏళ్ల మొగాళ్లు. ఇప్పుడు ఒక దారిలో వచ్చినవాణ్ణి ఇంకో దారిలో వచ్చినవాడితో ఎట్లా పోలుస్తారు? 2015లో కానర్ మెక్‌డేవిడ్ జూనియర్ లీగులో 47 ఆటల్లో 120 పాయింట్లు చేశాడు. జాక్ ఐకెల్ బోస్టన్ యూనివర్సిటీలో 40 ఆటల్లో 71 చేశాడు. కాయితం మీద చూస్తే పొంతనే లేదు. అయినా ఐకెల్‌ను రెండో నంబరుగా తీసుకున్నారు. ఎందుకంటే తనకన్నా నాలుగైదేళ్లు పెద్దవాళ్ల మధ్య చేసిన పాయింటు వేరు, సమవయస్కుల మధ్య చేసిన పాయింటు వేరు అని వాళ్లకు తెలుసు. మెక్‌డేవిడ్ 2017, 2021, 2023లో లీగు ఉత్తమ ఆటగాడయ్యాడు. ఐకెల్ 2023లో వేగాస్ జట్టుతో స్టాన్లీ కప్పు ఎత్తాడు. ఇద్దరూ మొనగాళ్లే.

గమనించండి. పై వరసలో ఉన్నవాళ్లను పోల్చేటప్పుడు ఎవరితో ఆడాడు, ఎక్కడ ఆడాడు, ఎంత వయసులో ఆడాడు అని ఇంత శ్రద్ధగా తూకం వేస్తారు. అదే శ్రద్ధ కింది వరస పిల్లవాడి మీద పెట్టరేం? మా ప్రశ్న అది.

పుట్టుక సంగతి చూడండి. కెనడాలో పిల్లల ఆటకు వయసు గీత జనవరి 1. జనవరి మొదట్లో పుట్టినవాడు, డిసెంబరు చివర పుట్టినవాడు ఒకే జట్టు లెక్క. ఎనిమిదేళ్ల వయసులో ఏడాది తేడా అంటే మాటలా? జనవరి పిల్లవాడు ఎత్తుగా, బలంగా ఉంటాడు. కోచ్ కంటికి వాడే ప్రతిభావంతుడు. మంచి జట్టు వాడికే, మంచి శిక్షణ వాడికే, ఎక్కువ ఆటలు వాడికే. పదేళ్లు తిరిగేసరికి వాడు నిజంగానే బాగా ఆడతాడు. అప్పుడు అంటారు: చూశారా, మేం ముందే చెప్పలేదా అని!

2013లో అచ్చయిన ఒక పరిశోధన, 1980 నుంచి పాతికేళ్లకు పైగా డ్రాఫ్టులో ఎంపికైన కెనడా కుర్రాళ్ల లెక్క తీసింది. జనవరి-మార్చి మధ్య పుట్టినవాళ్లతో పోలిస్తే, జులై-డిసెంబరు మధ్య పుట్టినవాళ్లను వాళ్ల ఆటకు తగిన చోటు కన్నా 40 స్థానాలకు పైగా వెనక ఎంచుకున్నారని తేలింది. 400 ఆటలు ఆడటం, 200 పాయింట్లు చెయ్యటం లాంటి మెట్లు ఎక్కే అవకాశం ఆ వెనక పుట్టినవాళ్లకే ఇంచుమించు రెట్టింపు ఉందనీ తేలింది. అంటే వెనక్కు నెట్టినా నిలబడ్డవాళ్లు గట్టివాళ్లన్నమాట. పుట్టిన నెలనే ప్రతిభ అని మార్చి రాశారన్నమాట. పుట్టుకను ప్రతిభగా మార్చి రాసే విద్య మనకు కొత్తదేం కాదు. మన దగ్గర అది వేల ఏళ్ల విద్య. మంచు దేశంలో కూడా వేరే రూపంలో ఉందని తెలుసుకోవాలి, అంతే.

పైగా కొలతల పిచ్చి ఒకటి. డ్రాఫ్టుకు ముందు కుర్రాళ్లను ఒకచోటికి పిలిచి ఎత్తు, బరువు, చేతుల పొడవు, పిడికిలి బలం, సైకిలు తొక్కే సత్తా అన్నీ కొలుస్తారు. 2014లో శామ్ బెనెట్ అనే కుర్రాడు కడ్డీ పట్టుకుని ఒక్కసారి కూడా పైకి లేవలేకపోయాడని ఊరంతా నవ్వారు. అతన్ని నాలుగో నంబరుగా తీసుకున్నారు. 2025లో ఫ్లోరిడా జట్టు స్టాన్లీ కప్పు గెలిస్తే, ఆ పోటీల ఉత్తమ ఆటగాడు ఆ బెనెట్టే. మార్టిన్ సాన్ లూయీ పొట్టివాడు, ఐదడుగుల ఎనిమిదంగుళాలు. అతన్ని డ్రాఫ్టులో ఎవ్వరూ ఏ నంబరుకూ కోరుకోలేదు. వెర్మాంట్ యూనివర్సిటీలో నాలుగేళ్లు ఆడాడు. 2004లో స్టాన్లీ కప్పు గెలిచిన టాంపా బే జట్టులో ఉన్నాడు, ఆ ఏడే లీగు ఉత్తమ ఆటగాడు. జో పవెల్‌స్కీ 2003లో 205వ నంబరు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో ముదిరి, పెద్ద లీగులో వెయ్యికి పైగా ఆటలాడి, వెయ్యికి పైగా పాయింట్లు చేశాడు.

డ్రాఫ్ట్ అంతా బూటకం అని మేము అనటం లేదు. ముందు నంబర్లలో వచ్చినవాళ్లలో మెరికలు చాలామందే ఉన్నారు. వెతికేవాళ్లు కష్టపడి వెతుకుతారు. మేమనేది ఒకటే. 18 ఏళ్లకు వేసిన నంబరు ఒక అంచనా. దాన్ని తీర్పు చెయ్యొద్దు.

నంబరు దాకా రానివ్వని పిల్లల సంగతి ఇంకా ఉంది. ఈ ఆటకు బూట్లు, కవచాలు, కర్రలు, మంచు మైదానానికి అద్దె, ఊరూరా ప్రయాణాలు, అన్నీ డబ్బుతో పని. పేదవాడి పిల్ల ఆ గడప తొక్కటమే కష్టం. దానికి తోడు రంగు. 1917లో మొదలైన లీగులో మొదటి నల్లజాతి ఆటగాడు విల్లీ ఓరీ ఆడింది 1958 జనవరి 18న. అంటే 40 ఏళ్లు పట్టింది. అంతకు ముందు ప్రతిభ లేకనా? హెర్బ్ కార్నెగీ అనే నల్లజాతి ఆటగాడు 1940లలో క్యుబెక్ లీగుల్లో మేటి. పెద్ద లీగులో ఒక్క ఆట కూడా ఆడకుండానే అతని కాలం గడిచిపోయింది. 2012లో చనిపోయాడు. 2022లో హాకీ మహామహుల సభలో పేరు చేర్చారు. చనిపోయాక పదేళ్లకు దండ వేశారు! ఇక ఆడపిల్లలు కాలేజీలో ఎంత బాగా ఆడినా ఈ డ్రాఫ్టులో వాళ్లకు చోటు లేదు. మహిళల కొత్త వృత్తి లీగు మొదటి డ్రాఫ్ట్ జరిగింది 2023లో. అందులో మొదటి నంబరు మిన్నెసోటా యూనివర్సిటీ నుంచి వచ్చిన టేలర్ హైజీ.

ఇప్పుడు అసలు ముచ్చట. 2022లో శాన్ హోసే జట్టు తన జనరల్ మేనేజర్‌గా ఒకాయన్ని పెట్టుకుంది. లీగు చరిత్రలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నల్లజాతి మనిషి. ఎవరనుకున్నారు? ఆ 219వ నంబరు మైక్ గ్రియరే. 2024 జూన్‌లో మొదటి వంతు ఆ జట్టుకు వచ్చింది. గ్రియర్ జట్టు తీసుకున్నది మాక్లిన్ సెలెబ్రీని. అతనిదీ బోస్టన్ యూనివర్సిటీనే. 17 ఏళ్ల వయసులో 38 ఆటల్లో 64 పాయింట్లు చేసి, కాలేజీ హాకీలో పెద్ద బహుమతి హోబీ బేకర్ అవార్డును అందరికన్నా చిన్న వయసులో గెలిచిన కుర్రాడు. 1993లో నంబరు వేయించుకున్నవాడు 2024లో నంబరు వేసే చోట ఉన్నాడు.

ఇది సంబరపడి వదిలేసే మాట కాదు. ఒకడు కుర్చీ ఎక్కితే వరస మారదు. కానీ కుర్చీలో ఎవడున్నాడన్నది చిన్న విషయమూ కాదు. నంబరు వేసే చెయ్యి ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

ఇంకో హెచ్చరిక కూడా ఉంది. కెనడా జూనియర్ లీగుల్లో ఆడినవాళ్లకు అమెరికా కాలేజీ జట్లలో ఇదివరకు చోటు ఉండేది కాదు. 2025 ఆగస్టు నుంచి ఆ తలుపు తెరిచారు. మంచిదే. పిల్లలకు రెండు దారులూ దొరికాయి. కానీ కాలేజీ జట్లలో చోట్లు లెక్కపెట్టినన్నే. ముందే పేరుపడ్డవాళ్లు వచ్చి కూర్చుంటే, ఆలస్యంగా ఎదిగే సాన్ లూయీలు, పవెల్‌స్కీలు ఎక్కడికి పోవాలి? మా భయం అది. తలుపు తెరిచినప్పుడు ముందు దూరేది ఎవరో మనకు బాగా తెలుసు.

మనం పట్టుకోవాల్సింది ఏమిటి? మన బడుల్లోనూ అండర్ 14, అండర్ 17 అని ఆటల ఎంపికలు జరుగుతాయి. ఏదో ఒక తేదీ దగ్గర గీత గీస్తారు. ఎంపిక జరిగే చోటుకు మన కార్యకర్తలు పోవాలి. పిల్లవాణ్ణి తీసెయ్యగానే ఊరుకోవద్దు. వీడు ఏ నెలలో పుట్టాడు, వీడికి బూట్లున్నాయా, వీడు పొద్దున ఏం తిని వచ్చాడు, ఎంపిక చేసేది ఎవరు, వీడి ఆట ఎన్నిసార్లు చూశారు అని అడగాలి. అమ్మానాన్నలకు ఒక మాట. పిల్లవాడికి వెనక నంబరు వచ్చిందని బడి మాన్పించొద్దు, ఆట మాన్పించొద్దు. గ్రియర్‌ను నిలబెట్టింది మూడేళ్ల టైము, ఆడుకోవటానికి ఒక చోటు, చదువుకోవటానికి ఒక కాలేజీ. మన పిల్లలకూ కావాల్సింది అదే. అది దయతో అడిగేది కాదు, పోట్లాడి తెచ్చుకునేది.

నంబరు చూసి తల దించుకోవాల్సింది పిల్లవాడు కాదు. సరిగ్గా చూడకుండా నంబరు వేసినవాడు.