కీమోకు పసుపు తోడైతే..?

పమిడిముక్కల: కృష్ణా తీరంలోని పమిడిముక్కల, తోట్లవల్లూరు మండలాల రైతులకు పసుపు వాణిజ్య పంట. ఉడకబెట్టి, ఎండబెట్టిన కొమ్ములు నది దాటి దుగ్గిరాల యార్డుకు చేరుతుంటాయి. ఆ పసుపులోని కర్కుమిన్‌ అనే పదార్థం గుళికల రూపంలో మందుల దుకాణాల్లోనూ లభిస్తోంది. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న మహిళలు వైద్యుని మందులతో పాటు దీనిని వాడవచ్చా అన్నది ఆలోచించవలసిన విషయం.

మొక్కల నుంచే మందులు

క్యాన్సర్‌ వైద్యానికి మొక్కలు కొత్త కాదు. పసిఫిక్‌ యూ చెట్టు బెరడులో దొరికిన ప్యాక్లిటాక్సెల్‌కు అమెరికాలో 1994లో రొమ్ము క్యాన్సర్‌ చికిత్సకు అనుమతి లభించింది. మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు విన్‌బ్లాస్టిన్‌, విన్‌క్రిస్టిన్‌లకు మూలం. అయితే ఇవి పసరు రూపంలో రోగికి చేరలేదు. మూలపదార్థాన్ని వేరుచేసి, మోతాదు నిర్ణయించి, రోగులపై పరీక్షించిన తరువాతే మందులయ్యాయి.

ఒకవైపు ఆశ

ఆర్మేనియాలో 150 మంది మహిళలపై జరిపిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. వ్యాధి ముదిరిన వీరిలో ప్యాక్లిటాక్సెల్‌తో పాటు కర్కుమిన్‌ పొందినవారిలో 51 శాతం మందికి కణితి తగ్గగా, ప్యాక్లిటాక్సెల్‌ మాత్రమే పొందినవారిలో అది 33 శాతం. కానీ అక్కడ కర్కుమిన్‌ను నరం ద్వారా ఎక్కించారు. నోటితో తీసుకుంటే అది రక్తంలోకి చేరేది అత్యల్పం. పైగా ఒక్క పరీక్షతో చికిత్సా విధానం మారదు.

మరోవైపు హెచ్చరిక

నెదర్లాండ్స్‌ పరిశోధకులు 2019లో దీనికి భిన్నమైన ఫలితాన్ని ప్రకటించారు. టామాక్సిఫెన్‌ మాత్రలు వాడే మహిళలకు కర్కుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపరిన్‌ను ఇవ్వగా, రక్తంలో ఆ మందు క్రియాశీల రూపం సుమారు 12 శాతం తగ్గింది. కొన్ని కీమో మందులు క్యాన్సర్‌ కణాలను చంపకుండా కర్కుమిన్‌ అడ్డుపడుతున్నట్లు 2002లోనే అమెరికాలోని ప్రయోగశాలలో తేలింది.

అంతమాత్రాన పప్పులో పసుపు మానవలసిన పనిలేదు. నెదర్లాండ్స్‌లో ఇచ్చింది రోజుకు 3.6 గ్రాముల కర్కుమిన్‌. పసుపులో ఉండేది సుమారు 3 శాతమే కనుక, అంత కావాలంటే రోజూ 100 గ్రాములకు పైగా పసుపు తినాలి. వంట వేరు, గుళిక వేరు.

జాప్యమే ప్రమాదం

2022లో దేశంలో సుమారు 1.92 లక్షల మంది మహిళలకు రొమ్ము క్యాన్సర్‌ సోకినట్లు, 98 వేల మంది మరణించినట్లు అంతర్జాతీయ అంచనా. శస్త్రచికిత్స, కీమో కాదని ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్న రొమ్ము క్యాన్సర్‌ రోగులకు మరణ ముప్పు అయిదు రెట్లకు పైగా ఉన్నట్లు అమెరికాలోని యేల్‌ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది.

2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమైన రాష్ట్ర ప్రభుత్వ పథకంలో క్యాన్సర్‌ చికిత్సలూ ఉన్నాయి. రొమ్ములో గడ్డ కనిపించిన వెంటనే పరీక్ష చేయించుకోవాలి. చికిత్సలో ఉన్నవారు తాము వాడే గుళికలు, చూర్ణాల సీసాలను వైద్యునికి చూపాలి. వైద్యులు సైతం మందలించకుండా అడిగి తెలుసుకోవాలి. దాచిన గుళికే అసలు మందుకు అడ్డు కావచ్చు.