వాదంలో మునిగిన జనాజా వార్త

మా మదరసా విద్యార్థుల తల్లిదండ్రులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉన్నది. సెలవులు, పరీక్షల తేదీలు తెలియజేయడానికి మేమే ప్రారంభించాము. గత రమజానులో ఒక రాత్రి, తరావీహ్ 8 రకాతులా, 20 రకాతులా అన్న వాదం అందులో రేగి సహరీ వేళ వరకు సాగింది. ఇద్దరు పెద్దమనుషులు ఒకరినొకరు 'జాహిల్' అనుకున్నారు. ఆ ఫోన్లు పిల్లల చేతుల్లోనూ ఉంటాయి కదా!

ఆ రాత్రే ఒక విద్యార్థి తాతగారు మరణించారు. ఫజ్ర్ తరువాత జనాజా నమాజు అని ఆ బాలుని తండ్రి పెట్టిన సందేశం వాదాల మధ్య ఎవరి కంటా పడలేదు. గ్రూపులోని వారెవరూ ఖబరస్తానుకు రాలేదు. మేము కూడా.

తన మాటే సత్యమైనప్పటికీ వాదం విడిచినవారికి స్వర్గపు అంచున గృహం లభిస్తుందని దైవప్రవక్త (స) హామీ ఇచ్చిన హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. వాదించిన ఇద్దరికీ అది తెలియనిది కాదు. ఏటా దానిని బోధించే మేము మాత్రం 'ఇక చాలించండి' అని వ్రాయవలసింది పోయి, ఎవరు నెగ్గుతారోనని చదువుతూ కూర్చున్నాము.

ఇప్పుడు ఇషా తరువాత మరణవార్త తప్ప మరేదీ పెట్టరాదని నియమం చేశాము. మసాయిల్ అడగదలచినవారు మదరసాకే వస్తున్నారు. ఆ బాలుని తండ్రిని పరామర్శించి క్షమాపణ కోరాము. ఆయన ఒక్క మాటా అనలేదు. గ్రూపులోకి మాత్రం తిరిగి రాలేదు.